పరుగు ఆగిన తరువాత

ఈ పూట మన హైదరాబాదు గడ్డ మీద పుట్టిన ఒక ఫుట్‌బాల్ ఆటగాని జీవితాన్ని తలంచుకుందాము.

రాయికల్‌లోగాని కోరుట్లలోగాని సాయంకాలం బడి మైదానంలో పిల్లలు బంతి తన్నుతుంటే, “ఆట కూడు పెడుతుందా?” అని కేకలేస్తాము. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో ముత్తమ్మ అనే తల్లికి కూడా అదే దిగులు. తమిళ కుటుంబం, పేద ఇల్లు. కొడుకు చదువుకొని సర్కారు కొలువు చేస్తే చాలునని ఆమె ఆశ. 1936లో పుట్టిన ఆ కుమారుడే తులసీదాస్ బలరాం. బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు పారేసిన పాత బూట్లు తెచ్చి, మోచీకి రెండు రూపాయలిచ్చి ఆట బూట్లుగా కుట్టించుకున్నాడట.

ఆ అబ్బాయిలోని ఆటను గుర్తించినవారు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. వృత్తికి ఉపాధ్యాయులు, భారత జట్టుకు శిక్షకులు. రోజూ హైదరాబాదు వచ్చి ఆడేందుకు దారి ఖర్చులకు డబ్బుల్లేవని బలరాం చెబితే, రహీం గారే సైకిలు ఏర్పాటు చేశారు. చూడండి, సహోదరులారా! ఒక జీవితం మలుపు తిరగడానికి ఒక్క సైకిలు చాలింది.

1956లో బలరాం మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లారు. అక్కడ భారతదేశం నాలుగవ స్థానంలో నిలిచింది. 1957లో ఆయన కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్ పక్షాన ఆడారు. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు చేశారు. ఆ రెండు ఆటలూ మనవాళ్లు ఓడిపోయారు, అయినా హంగరీతో ఓటమి 2-1 తేడాతోనే. ఆ హంగరీయే ఆ పోటీల్లో కంచు పతకం గెలిచింది. 1961లో బలరాం నాయకత్వాన ఈస్ట్ బెంగాల్ కలకత్తా లీగు గెలిచింది. ఆ లీగులో ఆయన ఒక్కరే 23 గోలులు చేశారు. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం అనే మూడు పేర్లను జనం ఒక్క ఊపిరిలో చెప్పుకునేవారు.

1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఆసియా క్రీడల తుది ఆట. మైదానం నిండా మనవాళ్లను ఎగతాళి చేస్తున్న జనం. ఎదుట దక్షిణ కొరియా. మొదటి ఆటలో 2-0తో మనలను ఓడించిన జట్టే అది. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్ ఒక గోలు, బెనర్జీ ఒక గోలు చేయగా భారత్ 2-1తో బంగారు పతకం గెలిచింది. ఆ సంవత్సరమే బలరాంకు అర్జున పురస్కారం లభించింది.

ఆ మరుసటి ఏడు, 1963లో, రెండు దెబ్బలు తగిలాయి. జూన్ నెలలో రహీం గారు క్యాన్సరుతో కన్నుమూశారు. రైల్వే కొలువులో చేరి బి.ఎన్.ఆర్. జట్టుకు ఆడుతున్న బలరాంకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. ఆట మానక తప్పలేదు. అప్పటికి ఆయనకు ఇంకా ముప్పై ఏళ్లు కూడా నిండలేదు!

శ్రోతలారా, ఇక్కడ కాసేపు ఆగుదాము. ఆయన బ్రతికినది 86 ఏండ్లు. పెద్ద ఆటలు ఆడినది ఏడెనిమిదేండ్లు మాత్రమే. మిగిలిన అరవై ఏండ్ల సంగతేమిటి? పెండ్లి చేసుకోలేదు. యువకులకు ఆట నేర్పారు. చివరి కాలం కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో గడిపారు. తోటివారైన గోస్వామికి 1983లో, బెనర్జీకి 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరాంకు రాలేదు. ఆ బాధ ఆయనకు ఉండేది, దాన్ని దాచుకోనూలేదు. 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు. అప్పుడు పత్రికలు మళ్లీ ఆయన పేరు రాశాయి.

పరుగెత్తేవానికి చప్పట్లు కొట్టడం సులభం. కూలబడినవాని ప్రక్కన కూర్చోవడమే కష్టం. మన వాడలోనూ పరుగు ఆగినవారున్నారు. గల్ఫుకు పోయి నడుము చెడి వచ్చిన అన్న, బీడీలు చుట్టి చుట్టి కండ్లు మసకబారిన అమ్మ, మనకు అక్షరాలు నేర్పి నేడు మంచం పట్టిన సారు. వారు చనిపోయిన తరువాత మంచిమాటలు చెబితే వారికి వినబడదు. ఈ వారమే ఒక్కరి ఇంటికి వెళ్లండి. రహీం గారిలాగా సైకిలు ఇవ్వలేకపోవచ్చు, ఒక గంట సమయమైనా ఇవ్వగలము.