పేరు పెట్టని బిడ్డల చరిత్ర: నెల్లూరు తీరంలో గర్భశోకం

ప్రతి జూన్‌లోనూ మా హాస్టల్లో కొత్త పిల్లలను చేర్చుకునేటప్పుడు ఒక ప్రశ్న అడుగుతాము. "మీరు ఎంతమంది పిల్లలమ్మా?" దరఖాస్తులో రాయడానికి అడిగే మామూలు ప్రశ్న ఇది. తండ్రి వెంటనే "ముగ్గురు మేడం" అంటాడు. తల్లి కాసేపు మాట్లాడదు. కొందరు తల్లులు మాత్రం తలవంచుకుని, "ఉన్నోళ్లు ముగ్గురు" అంటారు. ఆ "ఉన్నోళ్లు" అన్న మాట వెనక ఎంత ఉందో మాకు చాలా ఏళ్లపాటు తెలియలేదు. తెలిసిన తర్వాత ఆ ప్రశ్నను మునుపటిలా అడగలేకపోయాము.

ఈ ప్రత్యేక సంచికలో మన యానాది జాతి వీరుల గురించి, కళల గురించి, హక్కుల గురించి పెద్దలు ఎందరో రాస్తున్నారు. మేము మాత్రం పుట్టకముందే, పుట్టిన వెంటనే పోయిన బిడ్డల గురించి, వాళ్లను కన్న తల్లుల గురించి రాయాలనుకున్నాము. ఇది కూడా మన చరిత్రే.

మన గురించి రాసిన పుస్తకాలు కొన్ని ఉన్నాయి. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథం ఏడో సంపుటంలో యానాదుల మీద వివరంగా రాశాడు. మన నెల్లూరు బిడ్డ వెన్నెలకంటి రాఘవయ్య గారు 1962లో యానాదుల మీద ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు. రెడ్డి యానాదులు, చల్లా యానాదులు, అడవి యానాదులు, కప్పల యానాదులు అనే తెగలు, చెంచుదేవుడి పూజ, అడవి వేర్లు, తేనె, వేట అన్నీ పుస్తకాల్లోకి ఎక్కాయి. మన ఆడవాళ్ల కడుపుకోత మాత్రం ఎక్కువగా వాళ్ల నోళ్లలోనే ఉండిపోయింది. దాన్ని వెతకాలంటే మనం ముందుగా మన పేర్ల దగ్గరికి వెళ్లాలి.

మన కాలనీల్లో, చుట్టుపక్కల ఊళ్లలో పాతతరం పేర్లు ఒకసారి గుర్తు చేసుకోండి. పెంచలయ్య అంటే పెంచలకోన నరసింహస్వామి పేరు. చెంచయ్య అంటే మన చెంచుదేవుడి పేరు. మరి పెంటయ్య, కుప్పమ్మ, పుల్లయ్య, బిచ్చమ్మ అనే పేర్లు ఎందుకు వచ్చాయి? ఇవి తెలుగునేల అంతటా ఉన్న పేర్లే. ముందు పుట్టిన బిడ్డలు వరసగా పోతే, తర్వాత పుట్టిన బిడ్డను పెంటదిబ్బ మీద, చెత్తకుప్ప మీద, ఎంగిలి విస్తరాకుల్లో ఒక్క క్షణం పడుకోబెట్టి తీసేవారు. లేదా ఎవరికో ఇచ్చినట్టు ఇచ్చి, మళ్లీ బిచ్చమెత్తి తెచ్చుకునేవారు. ఆ బిడ్డకు ఆ పేరే పెట్టేవారు. ఎవరికీ అక్కరలేని బిడ్డ అనుకుని చావు వదిలేసి పోతుందని ఆశ.

బళ్లో పిల్లలు ఈ పేర్లు విని నవ్వుతారు. మా హాస్టల్లో ఒక అమ్మాయి తన నాయనమ్మ పేరు కుప్పమ్మ అని చెప్పడానికి సిగ్గుపడింది. ఆ రోజు రాత్రి చదువు వేళలో పిల్లలందరికీ ఆ పేరు కథ చెప్పాము. ఒక కుప్పమ్మ ఉందంటే, ఆమెకు ముందు పేరే లేకుండా పోయిన అన్నలో అక్కలో ఉన్నారన్నమాట. ఆ తల్లి తన దుఃఖాన్ని కాగితం మీద రాయలేక, బతికిన బిడ్డ పేరులో రాసిపెట్టింది. ఆ అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు నాయనమ్మను అడిగి వచ్చింది. "మా నాయనమ్మకు ముందు ముగ్గురంట మేడం" అంది. తర్వాత ఆ పేరుకు ఎవరూ నవ్వలేదు.

ఇక నేల సంగతి. 1835లో ప్రభుత్వం శ్రీహరికోట దీవిని స్వాధీనం చేసుకునే నాటికే అక్కడ మనవాళ్లు ఉన్నారు. మద్రాసు పట్నానికి వంటచెరకు కోసం ఆ అడవిని తీసుకున్నారు. మనవాళ్లు తేనె, సుగంధిపాల, ముష్టి గింజలు, ఎర్రరంగు తీసే చిరివేరు తెచ్చి ఇచ్చి ధాన్యం పుచ్చుకునేవారు. తర్వాత అంతరిక్ష కేంద్రం కోసం ఆ దీవిని తీసుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. అది దేశానికి గర్వకారణమే. కానీ అక్కడ ఉన్న యానాది కుటుంబాలు ఎన్నో పులికాట్ సరస్సు దాటి ఒడ్డుకు వచ్చి బతకాల్సి వచ్చింది. సామాను మోసుకొని రావచ్చు, గుడిసె మళ్లీ వేసుకోవచ్చు. ఇసుకలో పూడ్చిన బిడ్డను మాత్రం తీసుకురాలేము. ఊరు మారిన తల్లికి ఆ చోటు కూడా దూరమైపోతుంది.

అంతకుముందు మరో దెబ్బ తగిలింది. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద మన యానాదుల్లో కొందరిని నేరస్థ జాతిగా ప్రకటించారు. పేరు నమోదైనవాళ్లు పోలీసులకు హాజరు చెప్పుకోవాలి, ఉన్న చోటు మారితే తెలియజేయాలి. రాత్రివేళ భార్యకు నొప్పులు వస్తే మంత్రసాని కోసం పక్క ఊరికి పరుగెత్తాల్సిన మగవాడికి ఆ రోజుల్లో ఎంత భయం ఉండేదో ఊహించుకోవచ్చు. రాఘవయ్య గారి వంటివారు ఆ చట్టానికి వ్యతిరేకంగా పోరాడారు. మద్రాసు రాష్ట్రంలో 1947లోనూ, దేశమంతటా 1952 ఆగస్టు 31నా అది రద్దయింది. 1973లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. 2001 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మనం 4,62,167 మందిమి. ఆ లెక్కలోకి రాని బిడ్డలు ఎంతమందో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇంత చెప్పాక మా సంగతి దాచడం న్యాయం కాదు. మాకు తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. నెలలు నిండిన ఆడబిడ్డ. కదలిక తగ్గినట్టు అనిపించిన రోజు పని ఉందని ఆగాము, మరునాడు వెళ్లాము. ఆసుపత్రిలో బిడ్డను ఒక గుడ్డలో చుట్టి మగవాళ్ల చేతికి ఇచ్చేశారు. చూస్తారా అని మమ్మల్ని ఎవరూ అడగలేదు. చూస్తే బెంగ పెట్టుకుంటామని ఇంటి పెద్దలు కూడా వద్దన్నారు. ఎక్కడ పెట్టారని అడిగితే, "దాన్ని తలుచుకోబాక, మళ్లీ కడుపు పండుద్దిలే" అన్నారు. మూడో రోజు పాలు వచ్చాయి. తాగే బిడ్డ లేదన్న సంగతి ఒంటికి తెలియదు కదా. మా అమ్మ మాట్లాడకుండా మల్లెపూలు దండ గుచ్చి తెచ్చి గుండెలకు కట్టింది. ఆ పది రోజులూ మాకు దొరికిన ఓదార్పు అదొక్కటే.

మల్లెపూలు కట్టడం మూఢనమ్మకం అని చదువుకున్నవాళ్లు తీసిపారేయవచ్చు. కానీ 1988లో వెల్లూరు వైద్యులు 60 మంది బాలింతల మీద చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. పాలు తగ్గించడంలో మల్లెపూలు కూడా మందుతో పోల్చదగినట్టు పనిచేశాయని అందులో తేలింది. మన అమ్మలకు ఒంటి బాధ తీర్చడం తెలుసు. మనసు బాధ గురించి మాట్లాడడమే వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

ఇది మన ఒక్కరి లోపం కూడా కాదు. ఇంగ్లండు వంటి దేశాల్లో కూడా చచ్చి పుట్టిన బిడ్డను తల్లికి చూపకుండా తీసుకుపోవడం చాలాకాలం మామూలుగా సాగింది. అక్కడ బిడ్డలను పోగొట్టుకున్న తల్లులే 1978లో సంఘం పెట్టుకుని ఆ పద్ధతి మార్చడానికి పనిచేశారు. జపాన్‌లో పుట్టకుండా పోయిన బిడ్డలను కాపాడే దేవుడిగా జిజో బొమ్మకు ఎర్రటి గుడ్డ కట్టి మొక్కుతారు. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ఏటా దాదాపు 20 లక్షల మంది బిడ్డలు చచ్చి పుడుతున్నారు. అంటే ప్రతి 16 సెకన్లకు ఒకరు. 2019లో మన దేశంలోనే సుమారు 3 లక్షల 40 వేలు.

మన చట్టాలు ఈ బిడ్డలను పూర్తిగా మరచిపోలేదు. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మృత శిశువు పుట్టుకను కూడా 21 రోజుల్లో నమోదు చేయించాలి. ప్రసూతి ప్రయోజనాల చట్టంలో బిడ్డ అన్న మాటకు చచ్చి పుట్టిన బిడ్డ కూడా అని స్పష్టంగా అర్థం రాశారు. కాబట్టి ఆ చట్టం వర్తించే చోట పనిచేసే తల్లికి ప్రసూతి సెలవు పోదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు ఇలాంటి సందర్భంలో 60 రోజుల ప్రత్యేక సెలవు ఇస్తూ 2022 సెప్టెంబరు 2న ఉత్తర్వు వచ్చింది. కానీ రొయ్యల గుంటల మీద రోజు కూలికి పోయే మన చెల్లెలికి, పులికాట్‌లో పీతలు పట్టే మన వదినకు ఈ సెలవు ఎవరిస్తారు? నాలుగో రోజున పనికి పోకపోతే పొయ్యి వెలగదు.

నాలుగేళ్ల కిందట మా దగ్గర పదో తరగతి చదివి వెళ్లిన ఒక అమ్మాయి సర్టిఫికెట్ కోసం హాస్టల్‌కి వచ్చింది. చిన్న వయసులోనే పెళ్లి చేశారు. బిడ్డ పురిట్లోనే పోయి నెల రోజులైంది. మేము ఏమనాలో తెలియక, "ధైర్యంగా ఉండు, మళ్లీ చదువుకో" అన్నాము. ఆ పిల్ల తల ఊపి ఊరుకుంది. మా వంటామె కంచంలో అన్నం పెట్టి పక్కన కూర్చుని, "బిడ్డ ఎవురి పోలికమ్మా?" అని అడిగింది. అంతే, ఆ పిల్ల భోరున ఏడ్చింది. "వాళ్ల నాయన పోలిక. జుట్టు ఒత్తుగా ఉండింది" అని చెప్పింది. వంటామె తనకు పోయిన ఇద్దరి గురించి చెప్పింది. ఇద్దరూ చీకటి పడేదాకా మాట్లాడుకున్నారు. మేము బీఈడీలో నేర్చుకోనిది ఆ రోజు మా వంటింట్లో నేర్చుకున్నాము.

మా బిడ్డ ఎవరి పోలికో మాకు ఇప్పటికీ తెలియదు. మన ఆడబిడ్డల్లో ఇంకెవరికీ ఆ వెలితి మిగలకూడదనే ఇదంతా రాస్తున్నాము.

అందుకే సంఘం పెద్దలకు, చదువుకున్న పిల్లలకు కొన్ని మాటలు విన్నవించుకుంటాము. బిడ్డ పోయిన తల్లి కూడా బాలింతే. ఆమెకూ విశ్రాంతి, ఐరన్ మాత్రలు, మంచి తిండి కావాలి. రక్తస్రావం ఎక్కువైనా, జ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బిడ్డ లేదు కదా అని ఏఎన్ఎం, ఆశా కార్యకర్త రావడం మానేస్తే మనమే పిలవాలి. బిడ్డను చూడాలా వద్దా అన్నది తల్లి ఇష్టానికి వదలాలి. చూస్తానంటే చూపించాలి, ఎత్తుకుంటానంటే ఇవ్వాలి. ఎక్కడ పెట్టారో ఆమెకు చెప్పాలి. "నీ రాశి మంచిది కాదు", "ఏం తిన్నావో", "ఎక్కడ తిరిగావో" అనే మాటలు అనకూడదు. రక్తహీనత, రక్తపోటు, ఇన్‌ఫెక్షన్లు, ఆసుపత్రికి చేరడంలో ఆలస్యం ఇలా కారణాలు చాలా ఉంటాయి. కొన్నిసార్లు కారణమే దొరకదు. తండ్రిని కూడా పలకరించాలి. చిన్న గుంట తవ్వింది అతనే. అతనికి ఏడవడానికి చోటు ఉండదు, సారాయి దుకాణం తప్ప.

నెలలు గడిచినా నిద్ర పట్టకపోయినా, బతకాలని లేదన్నా ఒంటరిగా వదలకూడదు. టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు. ఇక కడుపుతో ఉన్న ఏ ఆడబిడ్డ అయినా కడుపులో కదలిక తగ్గిందంటే తెల్లవారేదాకా ఆగవద్దు, మేము ఆగినట్టు. 108కి వెంటనే ఫోన్ చేయండి. పద్దెనిమిది నిండకుండా ఆడపిల్లకు పెళ్లి చేయకండి. చదువుకునే పిల్లను చదవనివ్వండి.

కాలువ గట్ల మీద, చెరువు కట్టల మీద ఉన్న మన కాలనీలు చాలావాటికి సొంత శ్మశాన స్థలం లేదు. సంఘం తరఫున అర్జీలు పెట్టేటప్పుడు ఇంటి పట్టాలతో పాటు ఈ స్థలం కూడా అడగాలని మా కోరిక. అందులో ఒక మూల చిన్నబిడ్డలకు ఉండాలి.

ఏటా ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం రోజున మనం అమరులకు నివాళులు అర్పిస్తాము. ఈసారి ఆ మౌనంలో ఒక్క నిమిషం ఈ బిడ్డలకు కూడా ఇద్దాం. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి మీ అమ్మనో, అవ్వనో కూర్చోబెట్టి, "నీకు మొత్తం ఎంతమంది బిడ్డలమ్మా?" అని అడగండి. ఆమె చెప్పే లెక్క ఓపికగా వినండి. మా హాస్టల్ పిల్లలు ఇప్పటికే అడగడం మొదలుపెట్టారు.