మూలలు నల్లబడేదాకా: లెన్స్ హుడ్ పొడవు కథ

లెన్సు మీద ఎండ పడకుండా మొట్టమొదట అడ్డం పెట్టింది ఏ కంపెనీ సరుకూ కాదు. ఫోటోగ్రాఫర్ తన చెయ్యో, టోపీయో పెట్టుకునేవాడు. తొలినాటి కెమెరాలకు షట్టర్ లేదు. మూత తీసి, అంకెలు లెక్కపెట్టి, మళ్లీ మూత పెట్టేవారు. మూతకు బదులు టోపీతోనే పని కానిచ్చినవాళ్లూ ఉన్నారు. ఎక్స్‌పోజర్ సెకన్ల కొద్దీ సాగేది కాబట్టి, ఆ సేపంతా టోపీని లెన్సుకు కాస్త పైన, ఎండ వచ్చే వైపు పట్టుకునే తీరిక ఉండేది. మరీ వెనక్కి పట్టుకుంటే ఎండ ఆగదు. మరీ ముందుకు జరిపితే టోపీ అంచు బొమ్మలో పడుతుంది. ఎంత ముందుకు అన్నదే అసలు చిక్కు, నూట ఎనభై ఏళ్లుగా అదే చిక్కు.

1840లో వియన్నాలో జోసెఫ్ పెట్జ్‌వాల్ లెక్కలు కట్టగా ఫాయిక్ట్‌లాండర్ సంస్థ తయారుచేసిన పోర్ట్రెయిట్ లెన్సు అపర్చర్ ఎఫ్/3.6. అంతకు ముందు వాడుకలో ఉన్న లెన్సులతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి రానిచ్చేది. పాత పెట్జ్‌వాల్ ఇత్తడి గొట్టాలను గమనిస్తే, చాలావాటికి ముందు గాజు దాటాక విచ్చుకున్న ఇత్తడి అంచు కనిపిస్తుంది. అది సోకు కోసం పెట్టింది కాదు. మనిషి ముఖం వరకే చూసే ఇరుకు చూపున్న లెన్సు కాబట్టి, ముందు అంత గొట్టం పెట్టినా బొమ్మ మూలలకు అడ్డం రాదు. ఇలా నీడ కోసం పెట్టే గొట్టం, అంటే హుడ్, ఎంత పొడవుండాలో నిర్ణయించేది లెన్సు చూపు వెడల్పేనని ఆ ఇత్తడి అంచు అప్పుడే చెప్పేసింది.

బొమ్మలో లేని దీపం, ఫ్రేము బయట ఉన్న సూర్యుడు బొమ్మను ఎలా పాడుచేస్తాయి? గాలీ గాజూ కలిసే ప్రతిచోటా దాదాపు 4 శాతం వెలుతురు వెనక్కి తుళ్లుతుంది. ఈ తుళ్లింపును తగ్గించే పూత గాజుకు లేని రోజుల్లో ఇది తప్పని పన్ను. 1896లో జైస్ సంస్థలో పాల్ రుడోల్ఫ్ రూపొందించిన ప్లానార్‌లో ఆరు గాజు బిళ్లలు, నాలుగు గుంపులు. అంటే గాలిని తాకే ఉపరితలాలు ఎనిమిది. 28 శాతం దాకా వెలుతురు దారి తప్పేది. పోయింది పోయినట్టు బయటికి పోతే ఇబ్బంది లేదు. అందులో కొంత గాజుల మధ్య రెండుసార్లు తుళ్లి ఫిల్ము మీదికే వచ్చేది. ఎనిమిది ఉపరితలాల మధ్య అలా రెండుసార్లు తుళ్లే దారులు 28 ఉన్నాయి. నల్లగా ఉండాల్సిన చోట బూడిదరంగు పరుచుకునేది. అదే రుడోల్ఫ్ 1902లో చేసిన టెస్సార్‌లో ఉపరితలాలు ఆరే, దారులు పదిహేను. ప్లానార్ ఎంత పదునైనదైనా కొన్ని దశాబ్దాలు పక్కన కూర్చుంది, టెస్సార్ ఇంటింటికీ వెళ్లింది. 1930లలో లుడ్విగ్ బెర్టెలె సోనార్‌లో ఏడు బిళ్లల్ని మూడే గుంపులుగా అతికించడానికి కూడా ఒక కారణం ఇదే.

అసలు విరుగుడు మురికిలో దొరికింది. 1890లలో ఇంగ్లండులోని యార్క్‌లో, కుక్ లెన్సుల రూపకర్త డెన్నిస్ టేలర్ ఒక విచిత్రం గమనించాడు. కాలం గడిచి మసకబారిన లెన్సు కొత్తదానికంటే ఎక్కువ వెలుతురు పంపుతోంది. గాజును కావాలనే రసాయనాలతో మసకబార్చే పద్ధతికి 1904లో పేటెంటు తీసుకున్నాడు కానీ, ప్రతిసారీ ఒకేలా కుదిరేది కాదు. 1935లో జైస్‌లో అలెగ్జాండర్ స్మకూలా శూన్యంలో పలుచని పూత వేసే పద్ధతి కనిపెట్టాడు. మామూలు కెమెరా లెన్సులకు పూత విరివిగా వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. 1971లో పెంటాక్స్ పొరలు పొరలుగా పూత వేసిన టాకుమార్ లెన్సులు తెచ్చాక, ఇక హుడ్ ఎందుకన్న మాట కూడా వినిపించింది.

ఆ మాటలో ఒక లోపముంది. పూత బాగుపడ్డకొద్దీ లెన్సుల్లో బిళ్లల సంఖ్య పెరిగింది. ఈనాటి జూమ్ లెన్సులో పదిహేను, ఇరవై బిళ్లలు మామూలు. పైగా ముందు గాజు మీద పక్కనుంచి పడే ఎండ గొట్టం లోపలి గోడల్ని, గాజు అంచుల్ని, ముందు పట్టిన దుమ్మునూ వేలిముద్రల్నీ కూడా వెలిగిస్తుంది. వీటికి ఏ పూతా మందు కాదు. ఆ వెలుతురు గాజును తాకకుండా ఆపాలి, అంతే.

పొడవు సంగతికొస్తే, నా దృష్టిలో అత్యంత తెలివైన హుడ్ 1930ల నాటి లైకాది. తంతిలో ఆర్డరు పంపడానికి వీలుగా లైకా ప్రతి సరుకుకూ ఒక కోడ్ మాట పెట్టుకుంది. ఈ హుడ్ పేరు ‘ఫికుస్’. అప్పటి లైకా లెన్సుల్లో చాలావాటి ముందు అంచు 36 మిల్లీమీటర్లే కాబట్టి, ఒకటే హుడ్ అన్నింటికీ పట్టేది. ఒకదానిలోంచి ఒకటి జారే గొట్టాలు, వాటి మీద 3.5, 5, 9, 13.5 సెంటీమీటర్లన్న గుర్తులు. లెన్సు ఫోకల్ లెంగ్త్ ఏదైతే ఆ గుర్తు దాకా లాగాలి. అంతకంటే సూటిగా ఈ విషయం ఎవరూ చెప్పలేదు. 135 మిల్లీమీటర్ల లెన్సుకు పూర్తిగా లాగిన హుడ్‌ను 35కి అలాగే వదిలేస్తే నాలుగు మూలలూ నలుపు. 35 గుర్తు దగ్గర పెట్టి 135 వాడితే హుడ్ ఉన్నా లేనట్టే. లెన్సులోంచి కాక పక్కనున్న వ్యూఫైండర్‌లోంచి చూసే రేంజ్‌ఫైండర్ కెమెరాల్లో ఇంకో తలనొప్పి ఉండేది. పొడవాటి హుడ్ వ్యూఫైండర్‌కు అడ్డొచ్చి బొమ్మలో ఒక మూలను మింగేది. అందుకే తర్వాతి లైకా హుడ్‌లకు పక్కన కిటికీలు కోశారు. ఇవాళ అలాంటి వ్యూఫైండర్ లేని కెమెరాలకు కూడా ఆ కిటికీల హుడ్‌లు తగిలించుకుని తిరుగుతున్నారు, అందం కోసం.

లెక్క కావాలంటే అంత కష్టమేం కాదు. లెన్సులోకి ముందునుంచి తొంగిచూస్తే ఒక రంధ్రం కనిపిస్తుంది. ఆ రంధ్రం అంచు నుంచి బొమ్మ మూలకు సంబంధించిన కిరణం హుడ్ నోటికి తగలకుండా పోవాలి. హుడ్ నోటి వ్యాసార్ధంలోంచి రంధ్రం వ్యాసార్ధం తీసేసి, ఫోకల్ లెంగ్త్‌తో హెచ్చించి, సెన్సార్ కర్ణంలో సగంతో భాగిస్తే పొడవు వస్తుంది. ఫుల్‌ఫ్రేమ్‌కు ఆ సగం 21.6 మిల్లీమీటర్లు. 50 ఎంఎం ఎఫ్/2 లెన్సుకు 56 మిల్లీమీటర్ల నోరున్న హుడ్ అయితే రంధ్రం నుంచి 36 మిల్లీమీటర్ల దాకా పోవచ్చు. 24 ఎంఎం ఎఫ్/2.8కి అదే నోటితో 26 మాత్రమే. 200 ఎంఎం ఎఫ్/4కి 76 మిల్లీమీటర్ల నోరు పెడితే 120. ఈ కొలత రంధ్రం నుంచి మొదలవుతుంది, ముందు గాజు నుంచి కాదు. రంధ్రం గొట్టంలో ఎంత లోతున కనిపిస్తే హుడ్ అంత తగ్గుతుంది. వైడ్ లెన్సు హుడ్‌లు అప్పడాల్లా పలుచగా ఉండటానికి కారణం ఇదే. నికాన్ పాత లెన్సుల్లో 28కి హెచ్‌ఎన్-2, 35కి హెచ్‌ఎన్-3 అని వేర్వేరు హుడ్‌లు ఇచ్చేవారు. రెండింటి మరా 52 మిల్లీమీటర్లే, కాబట్టి ఏది దేనికైనా బిగుస్తుంది. బిగిసిందల్లా సరిపోయినట్టు కాదు.

స్టూడియోల్లో, సినిమాల్లో మాత్రం పొడవు మార్చే హుడ్ పోలేదు. హాసెల్‌బ్లాడ్ కెమెరాల ముందు బెల్లోస్ హుడ్ పట్టాల మీద జరిగేది, ఏ లెన్సుకు ఎంత అన్న గుర్తులు ఆ పట్టా మీదే ఉండేవి. దాని నోరు గుండ్రం కాదు, నలుచదరం. బొమ్మ నలుచదరమైనప్పుడు నీడ గుండ్రంగా ఉండటంలో అర్థం లేదు కదా. సినిమా కెమెరా ముందుండే మ్యాట్ బాక్స్ దీని దగ్గరి చుట్టం. ఎండను ఆపడమే కాక ఫిల్టర్లను, మాస్కులను పట్టుకునేది. ఫ్రేములో సగం మూసి ఒక పాత్రను తీసి, ఫిల్మును వెనక్కి తిప్పి రెండో సగంలో రెండో పాత్రను తీయడాన్ని మన సినిమావాళ్లు మాస్క్ షాట్ అనేవారు. ‘రాముడు భీముడు’ (1964) లాంటి ద్విపాత్రాభినయ చిత్రాల కాలానికి అదే పెద్ద ఆధారం.

ఫోటో కెమెరాల్లో హుడ్‌ను దెబ్బతీసింది జూమ్. 24 నుంచి 105 దాకా జరిగే లెన్సుకు హుడ్‌ను 24కి సరిపడా కోయాలి. 105 దగ్గర అది పేరుకే హుడ్. పూరేకుల హుడ్ ఈ నష్టాన్ని కొంత పూడ్చింది. బొమ్మ అడ్డంగా పొడవు కాబట్టి పైనా కిందా చూపు తక్కువ, అక్కడ రేకు పొడవు. పక్కల కాస్త పొట్టి. మూలల దగ్గర చూపు ఎక్కువ కాబట్టి అక్కడ లోతైన కోత. ఈ హుడ్ సరిగ్గా నిటారుగా కూర్చోవాలి. ఫోకస్ చేస్తుంటే ముందు భాగం తిరిగిపోయే లెన్సుకు అది పనికిరాదు. పాత కెనాన్ 18-55 కిట్ లెన్సుకు గుండ్రటి పొట్టి హుడ్ ఇచ్చింది అందుకే. ఇంజనీరు పనితనం చూడాలంటే 2002లో వచ్చిన కెనాన్ 24-70 ఎఫ్/2.8 చూడాలి. అందులో గొట్టం 24 దగ్గర బయటికి సాగుతుంది, 70కి పోతే లోపలికి ముడుచుకుంటుంది. హుడ్ మాత్రం కదలని బయటి గొట్టానికి తగిలి ఉంటుంది. అంటే 70 దగ్గర గాజు హుడ్‌లో లోతుకు దిగిపోయి, హుడ్ దానంతటదే పొడవవుతుంది. ఫికుస్ చేతితో చేసిన పనే, ఎవరూ ముట్టుకోకుండా. 2007లో నికాన్ తన 24-70కి కూడా ఇదే పద్ధతి పెట్టుకుంది. ఇంత ఆలోచించి చేసిన హుడ్‌ను లెన్సు మీద తిరగేసి తగిలించి షూట్ చేసేవాళ్లను చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. పెళ్లి మండపంలో ఎండ లేదు కదా అంటారు. వీడియో వాళ్ల ఫోకస్ లైటు ఫ్రేముకు అరంగుళం అవతల నిలబడి ఉంటుంది. దానికంటే ఎండే నయం.

కంపెనీ హుడ్ పోయిందనో, సెన్సారు చిన్నదైన ఏపీఎస్-సీ కెమెరా మీద ఫుల్‌ఫ్రేమ్ లెన్సు వాడుతున్నామనో వేరే హుడ్ కొనాల్సి వస్తే, పరీక్ష రెండు విడతలుగా చెయ్యాలి. చాలామంది ఒకటే చేస్తారు. ఎఫ్/16 పెట్టి తెల్ల గోడనో ఆకాశాన్నో తీస్తారు, మూలలు నల్లగా కోసుకుపోకపోతే సరేనంటారు. అది సగం పరీక్షే. కాస్త పొడవెక్కువైన హుడ్ చిన్న అపర్చర్‌లో దొరకదు. పూర్తిగా తెరిచినప్పుడు మూలల్ని మెల్లగా మసకబారుస్తుంది, దాన్ని లెన్సు లోపమని అనుకుంటాం. కాబట్టి అపర్చర్ పూర్తిగా తెరిచి, హుడ్‌తో ఒకటి, లేకుండా ఒకటి తీసి పక్కపక్కన పెట్టి చూడాలి. జూమ్ అయితే బాగా వైడ్‌లో పెట్టాలి. ఫోకస్ దూరాన ఒకసారి, దగ్గరలో ఒకసారి పెట్టి చూడాలి, ఎందుకంటే కొన్ని లెన్సులకు దగ్గరికొచ్చేకొద్దీ చూపు తగ్గితే, కొన్నింటికి పెరుగుతుంది. మధ్యలో ఫిల్టర్ ఉంటే అది కూడా పొడవులో భాగమే. ఏపీఎస్-సీ మీద 50 ఎంఎం లెన్సు దాదాపు 75 చూపే చూస్తుంది కాబట్టి, 85 లెన్సు హుడ్ దగ్గరి నుంచి మొదలుపెట్టి పొట్టివైపు రావడం మంచిది. పొడవును మూడు మడతల్లో మార్చుకునే రబ్బరు హుడ్‌ను పాత స్టూడియోల వాళ్లు వదలకపోవడానికి కారణముంది. చూడటానికి బాగోదు, ధర తక్కువ, మడత తీస్తే టెలికి, వేస్తే వైడ్‌కి. కిందపడినా పగలదు.