మా తాత మెచ్చిన బలరాం

కామాటిపురలో మా చాల్‌లో అందరికీ క్రికెట్ పిచ్చి. మా తాతకు మాత్రం ఫుట్‌బాల్. (నాకు ఆఫ్‌సైడ్ అంటే ఇంకా సరిగ్గా తెలియదు.)

అప్పట్లో కూపరేజ్ మైదానంలో రోవర్స్ కప్ జరిగేది. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు హైదరాబాద్ సిటీ పోలీసు జట్టే గెలిచింది. వాళ్ళ కోచ్ ఎస్.ఎ. రహీం. ఇది తాతకు వాళ్ళ నాయిన చెప్పిన ముచ్చట. నిజాం రాజ్యం నుంచి కట్టడం పనులకు వచ్చిన కామాటీలకు, తమ దిక్కు జట్టు బొంబాయిలో గెలవడం చిన్న సంగతి కాదు.

తాతకు తులసీదాస్ బలరాం అంటే ప్రాణం. ఆయన సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ మనిషి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన మన జట్లలో ఆడాడు. కానీ ఆయన క్లబ్బు కలకత్తా ఈస్ట్ బెంగాల్. 1962 రోవర్స్ ఫైనల్‌కు ఈస్ట్ బెంగాల్, ఆంధ్రా పోలీసు రెండూ వచ్చాయి. "ఎవలు గెల్వాలని మొక్కాల్నో సమజ్ కాలేదురా" అంటాడు తాత. చివరికి కప్పు ఇద్దరికీ ఇచ్చారు. అది చెప్పేటప్పుడు తానే గెలిచినట్టు నవ్వుతాడు.

ఊపిరితిత్తుల జబ్బు వల్ల బలరాం ముప్పై ఏళ్ళు నిండకముందే ఆట మానేశాడు. 2023 ఫిబ్రవరి 16న చనిపోయాడు. ఆ వార్త ఫోన్‌లో నేనే చదివి వినిపించాను. తాత కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇంకోసారి చదువు" అన్నాడు.