ఇంజను ఒంటిమీది అక్షరాలు

కొత్త బిందె కొంటే దానిమీద పేరు వేయించందే మనకు తోచదు. కొట్టువాడు చిన్న ఉలితో చుక్కచుక్కగా కొట్టి రాసిస్తాడు. అది బిందె పుట్టాక వేసిన పేరు. గుడిగంటమీద ఉబ్బెత్తుగా కనిపించే అక్షరాలున్నాయే, అవి గంటతోపాటే పుట్టినవి. లోహం కరిగించి పోసేటప్పటికే అచ్చులో ఉన్నాయన్నమాట. ఈ తేడా తెలిస్తే పాత ఇంజను పుట్టిల్లు ఏదో సగం తెలిసినట్టే.

ఇంజన్లతో ఆడవాళ్ళకేం పని అంటారేమో! జహీరాబాదు దగ్గర రాయికోడు వైపు మీకు పుట్టిల్లో అత్తిల్లో ఉంటే, బావి దగ్గర కొట్టంలో రెండు పెద్ద చక్రాల ఆయిలింజను తుప్పుపట్టి కూర్చుని ఉండవచ్చు. మోట పోయాక, కరెంటు మోటారు రాకముందు నీళ్ళు తోడింది అలాంటిదే. ఇప్పుడు పాత ఇనుమువాడు కిలోల లెక్కన అడుగుతాడు. ఇచ్చేముందు ఒక్కసారి దాని ఒళ్ళు తుడిచి చూడండి.

ఈ రకానికి మూలం ఇంగ్లండులోని డర్స్లీ అనే చిన్న ఊరు. 1867లో అక్కడ మొదలైన లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో, నిమిషానికి 600 చుట్లు మాత్రమే తిరిగే నిదానపు డీజిలింజను తెచ్చింది. తరువాత గుజరాత్‌లోని రాజకోట కార్ఖానాలు అదే నమూనాలో ఇంజన్లు పోతపోశాయి. ‘లిస్టర్ టైపు’ అన్న మాట అలా వాడుకలోకి వచ్చింది. కాబట్టి పేరుపలకను నమ్మి లాభం లేదు. మరలు విప్పితే ఊడివస్తుంది. 1980లలో జహీరాబాదులో వెలిసిన ఆల్విన్ నిస్సాన్ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వెళ్ళాక బండిమీద పేరు మారలేదూ!

పోతలో వచ్చిన అక్షరం మాత్రం ఊడదు. వడ్రంగి ముందు కొయ్యతో నమూనా చెక్కి, దానిమీద అంకెలు అతికిస్తాడు. దాన్ని ఇసుకలో అదిమి తీస్తే గుంట పడుతుంది. అందులో ఇనుము పోస్తారు. అందుకే ఉబ్బెత్తు అంకె నమూనాది. అదే అంకె వేల బ్లాకులమీద ఉండవచ్చు. లోతుగా గుద్దిన అంకె ఆ ఒక్క ఇంజనుది. కొన్ని దేశాల్లో తేదీ కూడా పోతలోనే పెట్టేవారు. అమెరికాలో షెవర్లే బ్లాకుమీద ‘ఎ’ అంటే జనవరి, ‘ఎల్’ అంటే డిసెంబరు. ఫోర్డువాళ్ళు ‘ఐ’ వదిలేస్తారు, అది ఒకటి అంకెలా ఉంటుంది కదా! అందుచేత వాళ్ళ డిసెంబరు ‘ఎమ్’ అయింది.

మరి ఎవరైనా అసలు బ్లాకునే ఇసుకలో అదిమి ఇంకొకటి పోస్తే? అక్షరాలూ దిగిపోతాయి. కానీ వడియం ఎండితే చిన్నదైనట్టు, పోత ఇనుము చల్లారితే నూటికి ఒక వంతు కుదించుకుపోతుంది. నమూనా చెక్కే వడ్రంగి ఇది తెలిసి, అడుగుకు అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ ఉన్న కొలబద్ద వాడతాడు. బ్లాకునుంచి తీసిన బ్లాకు ఆ మేరకు చిన్నది, అక్షరాల అంచులూ మొద్దుబారి ఉంటాయి. నకలని నాకు చిన్నచూపు లేదు. పొలానికి నీళ్ళు పెట్టిన యంత్రం డర్స్లీదైతేనేం, రాజకోటదైతేనేం! ఎవరి చేతి పనో తెలియాలి, అంతే.

కిరసనాయిలు గుడ్డతో జిడ్డు తుడిచి, పాత పళ్ళ బ్రష్షుతో మూలలు రుద్దండి. ఆరాక పలచని కాగితం వేసి, పిల్లలు రూపాయి బిళ్ళమీద చేసినట్టు పెన్సిలుతో గీయండి. అక్షరాలు పైకి తేలతాయి. ఆ కాగితం మీద ఊరి పేరు, కొన్నవారి పేరు, గుర్తుంటే సంవత్సరం రాసి, పొలం కాగితాల్లో పెట్టండి. ఇనుమువాడు ఆ తరువాత రావచ్చు.