గాదంకి రాత్రుల్లో నియోడిమియం వెలుగు

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లేవారికి గాదంకి అంటే టోల్‌ప్లాజా గుర్తొస్తుంది. పాకాల మండలంలోని ఈ ఊరికి శాస్త్రలోకంలో అంతకంటే పెద్ద పేరే ఉంది. అంతరిక్ష శాఖ పరిధిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఇక్కడే ఉంది. 1990ల తొలినాళ్లలో వాతావరణ పొరలను పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్‌తో మొదలైన ఈ కేంద్రంలో, 1998లో జపాన్ సహకారంతో లైడార్ అనే లేజర్ పరికరం ఏర్పాటైంది. మబ్బులేని రాత్రుల్లో అది సెకనుకు పదులసార్లు ఆకుపచ్చ లేజర్ కాంతిని నిట్టనిలువుగా పైకి పంపుతుంది. ఆ కాంతిని పుట్టించేది నియోడిమియం అనే రేర్ ఎర్త్ లోహం.

ఈ లోహం బయటపడటానికి చాలాకాలం పట్టింది. 1841లో స్వీడన్ శాస్త్రవేత్త మొసాండర్ డిడీమియం అనే కొత్త మూలకాన్ని కనుగొన్నాననుకున్నారు. 1885లో ఆస్ట్రియాకు చెందిన కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ దాన్ని పదేపదే స్ఫటికీకరించి, అందులో ప్రసియోడిమియం, నియోడిమియం అనే రెండు మూలకాలున్నాయని తేల్చారు. నియోడిమియం పరమాణు సంఖ్య 60. వెండిలా మెరిసే ఈ లోహం గాలి తగిలితే వన్నె తగ్గుతుంది. భూమి పైపొరలో దీని మోతాదు ఇంచుమించు రాగికి దగ్గరగానే ఉంటుంది. చిక్కంతా విడదీయడంలోనే. కవల పిల్లల్లాంటి ఇతర రేర్ ఎర్త్ లోహాలతో కలిసి ఒకే ఖనిజంలో దొరుకుతుంది.

మొదట్లో గాజుకు ఊదారంగు అద్దడానికి వాడారు. 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధకులు యిట్రియం, అల్యూమినియం కలిసిన గార్నెట్ స్ఫటికంలో కొద్దిపాటి నియోడిమియం చేర్చి లేజర్ తయారుచేశారు. 1980లలో జపాన్‌లో మసాతో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధకులు ఇనుము, బోరాన్ కలిపి దీంతో శక్తిమంతమైన అయస్కాంతాలు రూపొందించారు. సెల్‌ఫోన్ స్పీకర్ నుంచి విద్యుత్ కారు మోటారు దాకా ఇప్పుడు అవే ఆధారం.

గాదంకి లైడార్‌లో ఉన్నదీ ఆ గార్నెట్ స్ఫటికమే. దాని మీద దీపపు కాంతి పడగానే నియోడిమియం అయాన్లు ఉత్తేజితమై, 1064 నానోమీటర్ల పరారుణ కాంతిని వెలువరిస్తాయి. మరో స్ఫటికం ఆ తరంగదైర్ఘ్యాన్ని సగానికి, అంటే 532కు తగ్గిస్తుంది. అప్పుడే ఆకుపచ్చ వెలుగు వస్తుంది. 30 కిలోమీటర్ల ఎత్తులో గాలి అణువులను తాకిన కాంతి, సెకనులో 5 వేలవ వంతు వ్యవధిలో తిరిగొస్తుంది. ఆ వ్యవధిని బట్టి ఎత్తును, తిరిగొచ్చిన కాంతి మోతాదును బట్టి గాలి సాంద్రతను, దాన్నుంచి ఉష్ణోగ్రతను లెక్కగడతారు. మామూలు బెలూన్లు చేరలేని ఎత్తుల సమాచారం ఇలా భూమ్మీద నుంచే అందుతోంది.

ఇంతటి లోహానికి మూలమైన మోనజైట్ నిల్వలు దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువ. మన సముద్రతీరపు ఇసుకలోనే అవి ఉన్నాయి. విశాఖలో మరో రేర్ ఎర్త్ లోహమైన సమేరియం, కోబాల్ట్‌ కలిసిన అయస్కాంతాల కర్మాగారాన్ని 2023లో జాతికి అంకితం చేశారు. అయినా రేర్ ఎర్త్ శుద్ధిలో సింహభాగం చైనాదే. 2025 ఏప్రిల్‌లో ఆ దేశం కొన్ని రేర్ ఎర్త్ లోహాలు, అయస్కాంతాల ఎగుమతిపై ఆంక్షలు పెట్టగానే మన వాహన పరిశ్రమ ఇబ్బంది పడింది. ఇసుక ఉంటే సరిపోదు, లోహాన్ని విడదీసే విద్య కూడా మన దగ్గరుండాలి. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, ఐఐటీ, ఐసర్ ఉన్న తిరుపతి ఆ విద్యకు కేంద్రం కావాలి. ఇక్కడి రసాయనశాస్త్ర విద్యార్థులు ఈ రంగం వైపు అడుగు వేయాలి, ప్రభుత్వం వారికి అండగా నిలవాలి.