పేరు పెట్టి పిలిచే మిషను
"ఫలానా గారూ, మీకు లోన్ వచ్చింది" అని మెసేజ్ వస్తే ఎవరో మనల్ని గుర్తుపెట్టుకున్నారు అనుకుంటాం. దీని చరిత్ర వినండి.

1978 మేలో అమెరికాలో డెక్ అనే కంప్యూటర్ల కంపెనీకి చెందిన గేరీ థర్క్, ఒక్కొక్కరికి వేరేగా రాయడం ఎందుకని, ఒకే ఈమెయిల్ సుమారు 400 మందికి పంపాడు. చాలామంది తిట్టారు. కానీ దారి పడిపోయింది.

తర్వాత ఫోన్లు కూడా మిషన్లే చేయసాగాయి. అడగకుండా ఇళ్లకు రికార్డు కాల్స్ చేయొద్దని 1991లో అమెరికా చట్టం తెచ్చింది. ఇక్కడ యూఏఈలో 2024 నుంచి అమ్మకాల కాల్స్ ఉదయం 9 నుంచి సాయంత్రం 6 లోపే చేయాలి.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో లిస్టు, టైము పెడితే చాలు. ఈరోజు మెయిల్, రెండు రోజులకు ఫోన్, జవాబు లేకుంటే మళ్లీ మెయిల్. మన పేరూ ఆ లిస్టులోదే. పేరు తెలుసు కదా అని నమ్మి ఓటీపీ చెప్పకండి, పైసలు పంపకండి.