అత్త వైద్యం, మామ సేద్యం: కామాఠీపురాలో 1982

కామాఠీపురా మీద పుస్తకాలు, సినిమాలు చాలానే వచ్చాయి. వాటిలో మనవాళ్లు పెద్దగా కనపడరు. పేరు మాత్రం మనదే. పద్దెనిమిదో శతాబ్దం చివర హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట వేసి సముద్రపు నీళ్లు లోపలికి రాకుండా ఆపాక, ఎండిన పల్లపు నేలలో నిజాం ఇలాకా నుంచి వచ్చిన తెలుగు కూలీలు ఇళ్లు వేసుకున్నారు. ఈ ఊరి రోడ్లకు మట్టి మోసిందీ, గోడలకు రాయి మోసిందీ వాళ్లే. వాళ్లని కామాఠీలన్నారు, వాళ్లున్న చోటు కామాఠీపురా అయింది. ఎర్రదీపాల కథ ఆ తర్వాతిది, అదీ కొన్ని గల్లీలది. అయినా పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు "బొంబాయి సెంట్రల్ దగ్గర ఉంటాం" అని చెప్పిన ఇళ్లు మనలో తక్కువేం కాదు. మా ఇల్లూ అందులో ఒకటి.

ఈసారి మేము రాస్తున్నది ఆ గల్లీల్లోని మా పదడుగుల ఖోలీకీ, పాలమూరు జిల్లాలోని నాలుగెకరాల చెలకకూ ఉన్న సంబంధం గురించి. మా మేనత్తకు జబ్బు చేసిన ఏడాది సంగతి.

అత్తను మక్తల్ అవతల ఒక పల్లెకు ఇచ్చారు. నాలుగెకరాల చెలక, బావి కింద అరెకరం మడి, జత ఎద్దులు, ఒక బర్రె. జొన్న, కంది, ఆముదాలు వేసేవాళ్లు. బిడ్డకు పదమూడేళ్లు, కొడుకుకు తొమ్మిది. 1982 ఎండాకాలంలో అత్తకు రక్తస్రావం ఆగకపోతే రాయచూరులో చూపించారు. గర్భసంచి ముఖద్వారం దగ్గర కేన్సర్ ఉన్నట్టుంది, పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. ఊళ్లో కేన్సర్ అనే మాట లేదు. రాచపుండు అనేవాళ్లు. ఆ మాట వినగానే పక్కింటివాళ్లు చెంబు ఇవ్వడానికి కూడా వెనకాడారట.

ఇక్కడ ఎవరైనా అడుగుతారు, హైదరాబాదు దగ్గర కదా అని. నిజమే. హైదరాబాదులో 1955 నుంచే కేన్సర్ ఆసుపత్రి ఉంది. ఊరి పెద్దలూ అదే చెప్పారు. మామ చెప్పిన జవాబు మా ఇంట్లో ఇప్పటికీ అనుకుంటాం: "పట్నంల మనకెవలున్నరు? బొంబాయిల దాని తల్లి ఉంది, తమ్ముడున్నడు." రాయచూరులో రైలెక్కితే షోలాపూర్, పూణే మీదుగా బొంబాయి. పాలమూరు రైతుకు హైదరాబాదు దగ్గరా, కామాఠీపురా దగ్గరా అన్నది కిలోమీటర్లతో తేలే లెక్క కాదు. ఎక్కడ పడుకోవచ్చు, ఎవరు గంజి కాచి పోస్తారు అన్నదే లెక్క. పరేల్‌లో ఆసుపత్రి గోడల వెంట ఫుట్‌పాత్ మీద నెలల తరబడి పడుకున్న పరాయి ఊళ్ల రోగులను చూసినవాళ్లకు ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ ఆసుపత్రి గురించి రెండు మాటలు. దొరాబ్జీ టాటా భార్య మెహర్‌బాయి 1931లో రక్త కేన్సర్‌తో పోయింది. తర్వాత టాటా ట్రస్టు పూనుకుని కట్టిన టాటా మెమోరియల్ ఆసుపత్రిని 1941 ఫిబ్రవరి 28న తెరిచారు. 1957లో కేంద్ర ఆరోగ్యశాఖ తీసుకుంది, 1962లో అణుశక్తి శాఖ చేతికి పోయింది. రోగం కుదిర్చే చోటు అణుశక్తి వాళ్ల దగ్గర ఎందుకుందా అని మేము చిన్నప్పుడు అనుకునేవాళ్లం. మనవాళ్లు "కరెంటు పెట్టడం" అనేది రేడియేషన్‌నేనని తర్వాత తెలిసింది.

అత్త, మామ మే నెలలో దిగారు. ఇంట్లో అప్పటికే పొయ్యి సరిగా మండడం లేదు. జనవరి 18న దత్తా సామంత్ పిలుపుతో మొదలైన మిల్లుల సమ్మెలో రెండున్నర లక్షల మంది పని ఆపేశారు. మా నాయన అందులో ఒకడు. జీతం లేదు. అమ్మ బీడీలు చుడితే వచ్చే డబ్బులే ఆధారం. కానీ ఒక సంగతి ఉంది. నాయన డ్యూటీకి పోతూ ఉంటే అత్తను రోజూ పరేల్ తీసుకుపోయే మనిషే లేడు. సమ్మె మా తిండి తీసింది, అత్తకు తోడు ఇచ్చింది. మిల్లుల చరిత్ర రాసినవాళ్ల లెక్కలో ఇట్లాంటివి పడవు.

పరీక్షలన్నీ అయ్యి కరెంటు మొదలుపెట్టే సరికి మృగశిర కార్తె వచ్చేసింది. వారానికి ఐదు రోజులు, మొత్తం ఐదు వారాలు. ఆపైన రెండు రోజులు వార్డులో ఉంచి లోపలి నుంచి ఇచ్చేది వేరే. మామ ఉండాలా, పోవాలా? విత్తనం పడకపోతే వచ్చే ఏడు తిండి లేదు. భార్యను ఈ స్థితిలో వదిలి, అందులోనూ కామాఠీపురాలో వదిలి వచ్చాడంటే ఊళ్లో నోళ్లు ఊరుకోవు. తేల్చింది నాయనమ్మ. అల్లుడితో తలుపు చాటు నుంచే మాట్లాడే మనిషి (పదడుగుల ఖోలీలో చాటెక్కడిది, కొంగు అడ్డం పెట్టుకునేది) సూటిగా చెప్పింది: "నువ్వు పో అయ్యా. నా బిడ్డను నేను జూసుకుంట. నీ చెలక నేను దున్నలేను గద."

మామ పోయాడు. పోయాక ఒక ఎద్దును అమ్మి డబ్బు పంపాడు. మిగిలిన ఎద్దుకు పక్క చెలక రైతు ఎద్దును జత కట్టి దున్నుకున్నారు.

ఇక్కడ అత్త రోజు తెల్లారుజామున నల్లాతో మొదలయ్యేది. కరెంటు పెట్టే చోట ఒంటి మీద సిరాతో గీతలు గీశారు, అవి చెరగకూడదన్నారు. గొర్లకు రంగు పూసినట్టు నాకూ గుర్తేసిండ్రు అని నవ్వేది. మూలన మోరీలో స్నానం చేసేటప్పుడు అమ్మ గుడ్డ తడిపి చుట్టూ తుడిచేది. మూడో వారం నుంచి విరేచనాలు పట్టుకున్నాయి, ఈ వైద్యంలో అది మామూలేనట. చాల్లో ఉన్నవాళ్లకు తెలుసు కదా, వరండా చివర అందరికీ కలిపి ఉండే దొడ్లు, పొద్దున చెంబులతో వరుస. అత్త సిగ్గుతో అన్నం మానేసింది. అప్పుడు అంతస్తులోని ఆడవాళ్లు, తెలుగువాళ్లూ మరాఠీవాళ్లూ, ఒక దొడ్డి వరుసలో ఆమెను ఎప్పుడూ ముందుకు పంపేవాళ్లు. ఎవరూ కూర్చుని తీర్మానం చేయలేదు. రాచపుండు అని చెంబు ఇవ్వని ఊరి నుంచి వచ్చిన మనిషికి అది మందుకన్నా ఎక్కువ పనిచేసిందని నాయన అనేవాడు. వానాకాలంలో హిందమాతా దగ్గర నీళ్లు నిలిచి బస్సులు ఆగితే, నాయన ఆమెను మోకాలి లోతు నీళ్లలో నడిపించుకుంటూ తీసుకుపోయాడు.

మా దగ్గర ఆ రెండున్నర నెలల ఇన్‌లాండ్ ఉత్తరాలు 11 మిగిలాయి. మామ చెప్తే ఊళ్లో పంతులు రాసినవి కొన్ని. అత్త చెప్తే మునిసిపాలిటీ తెలుగు బడిలో చదివే మా అక్క రాసినవి కొన్ని. మామ తిరిగొచ్చేటప్పుడు అవీ తెచ్చాడు. వాటిలో రోగం మాట "క్షేమం" దగ్గర మొదలై అక్కడే అయిపోతుంది. మిగతాదంతా సేద్యమే. కంది విత్తనం ఏ కుండలో పెట్టావు? ఆముదాలు కిందటేడువా, అంతకుముందువా? బర్రె ఎన్నో నెల? చెలక దున్నేది మామ. విత్తనం ఏరి, బూడిద కలిపి, ఏది ముందు వేయాలో గుర్తుపెట్టుకునేది అత్త. ఆమె ఊళ్లో లేకపోతే ఆ చెలకకు సగం తెలివి లేనట్టే. ఉత్తరం పోవడానికి ఐదారు రోజులు, జవాబుకు మళ్లీ అన్ని. వాన అన్ని రోజులు ఆగదు. ఆ ఏడు దేశమంతా వానలు తక్కువ, పడ్డ ఒక్క పదునూ పోతే మళ్లీ దొరకదు.

శ్రావణంలో అత్త ఊరికి పోయింది. జొన్న సగం తాలు పోయింది, ఆముదాలు నిలబడ్డాయి. అత్త మరో 19 ఏళ్లు బతికింది. మొదట ఆర్నెల్లకోసారి, తర్వాత ఏడాదికోసారి చూపించుకోవడానికి వచ్చేది. వచ్చినప్పుడల్లా అంతస్తులోని ప్రతి ఇంటికీ శేరు కందులు. ఆమెను చూసి చుట్టుపక్కల ఊళ్ల నుంచి వేరేవాళ్లూ మా ఖోలీ అడ్రసు పట్టుకుని వచ్చారు. కొందరు బాగై పోయారు, ఇద్దరు ఇక్కడే పోయారు. రాత్రిపూట మేము వరండాలో పడుకునేవాళ్లం, అది మాకు బాగానే ఉండేది. ఇప్పుడు మేము నవీ ముంబైలో ఉన్నాం, ఖోలీకి తాళం.

అత్త కూతురు, అంటే మా వదిన, ఆ జూన్‌లో బడి మానేసింది. వంట, బర్రె, తమ్ముడు, కలుపు. మళ్లీ బడికి పోలేదు. తమ్ముడు డిగ్రీ చదివాడు. ఈ మధ్య ఊరికి పోయినప్పుడు ఆ ఉత్తరాలు ఆమెకు చదివి వినిపించాం. కంది విత్తనం గురించి అక్క రాసిన జవాబు దగ్గర ఆపమంది. ఆ ఉత్తరం అందేనాటికే తాను అటకెక్కి, ఒక్కో కుండ దించి, బూడిద జల్లించి, కందులు వెతికి తండ్రికి ఇచ్చేసిందట. అప్పటికి విత్తి రెండు రోజులైందని చెప్పింది.